గూటి మీదున్న బాస్ ఎరను ఎత్తి పారేస్తోంది గాని గాలానికి పడడం లేదు

ప్రశ్న: తుంగగట్టు

అందరికీ నమస్కారం. టెక్సస్ మధ్య ప్రాంతంలోని ఒక జలాశయంలో మూడేళ్ళుగా లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప కోసం గాలం వేస్తున్నాను. ఎండాకాలంలోనూ ఆకురాలు కాలంలోనూ నాకు ఫరవాలేదనిపించేంతగా చేపలు పడుతున్నాయి. మార్చి నెలలో అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరకు వచ్చి, చేతికందేంత దూరంలో, కళ్ళెదుటే తిరుగుతున్నప్పుడు మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా దక్కడం లేదు. కనిపించని చేపను పట్టగలిగినవాడిని కనిపించే చేప దగ్గర ఓడిపోవడం నాకే వింతగా ఉంది.

గత శనివారం జరిగినది కాస్త వివరంగా చెబుతాను. నీటి ఉష్ణోగ్రత 64 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంది. ఉత్తరపు ఒడ్డున, గాలి సోకని ఒక చిన్న పాయలో, నీట మునిగిన మొద్దు పక్కన, సుమారు మూడడుగుల లోతులో పెద్ద చేటంత గుండ్రని తెల్లటి మచ్చ, అంటే గుడ్ల కోసం చేప అడుగున ఊడ్చుకున్న గూడు, కనిపించింది. దాని మీద రెండు పౌన్లు దాటిన మగచేప తిరుగుతోంది. కాస్త ఎడంగా, మొద్దు నీడలో, దానికి రెండింతలకు మించిన ఆడచేప నిలబడి ఉంది. పడవను పది పన్నెండు అడుగుల దూరానికి తెచ్చి, ఏడంగుళాల ఊదారంగు ప్లాస్టిక్ వానపామును, ముల్లు కొన ఎర లోపలే దాగేలా టెక్సస్ రిగ్ పద్ధతిలో గుచ్చి, సూటిగా గూటి నడిమధ్యలో పడేలా వేశాను. ఆ చప్పుడుకు ఆడచేప లోతులోకి జారుకుని, మళ్ళీ రాలేదు. మగచేప ఒక నిమిషానికే తిరిగి వచ్చి, ఎర తోకను పెదవులతో పట్టుకుని, గూటి అంచు దాకా మోసుకెళ్ళి వదిలేసింది. లైన్ (గాలపు దారం) కదిలినప్పుడల్లా నేను రాడ్‌ను (గాలపు కర్రను) బలంగా జాడించాను, ఎర ఒట్టిదే ఎగిరి వచ్చింది. రెండు గంటల్లో ఇలా తొమ్మిదిసార్లు జరిగింది.

లోపం ఎరలో ఉందా, దూరంలో ఉందా, నా చేతిలో ఉందా? గూటి మీది చేప కోసం ఎంతసేపు వేచి ఉండవచ్చు, ఎప్పుడు వదిలేయాలి? వెళ్ళిపోయిన ఆడచేపను మళ్ళీ రప్పించే మార్గం ఏమైనా ఉందా? గుడ్లు కాస్తున్న చేపను పట్టడం సరైన పనేనా అన్న సందేహం కూడా మనసులో ఒక మూల ఉంది. పట్టినదాన్ని వెంటనే నీళ్ళలో వదిలేసే అలవాటే నాది.


జవాబు: గులకరాయి

తుంగగట్టు గారూ, మీ జవాబు మీరు రాసినదాంట్లోనే సగం ఉంది. చేప ఎర తోకను పెదవులతో పట్టుకుని గూటి అంచున వదిలేసిందన్నారు. అది ఎరను తినడం కాదు, వాకిలి ఊడ్చుకోవడం. గూటి కాపలాలో ఉన్న రోజుల్లో మగ బాస్ దాదాపుగా మేత మానేస్తుంది. గూట్లోకి వచ్చిన ప్రతి వస్తువునూ అది గుడ్లకు వచ్చిన ముప్పుగానే చూస్తుంది, ముప్పు చిన్నదైతే ఎత్తి బయట పడేస్తుంది, పెద్దదైతే మీద పడి తరుముతుంది. ఏడంగుళాల వానపాములో గాలపు ముల్లు తల వైపు రెండంగుళాలలోపే ఉంటుంది కనుక, తోకను పట్టిన చేప నోటికి అది అందే వీలే లేదు. మీరు తొమ్మిదిసార్లు కాదు, తొంభైసార్లు జాడించినా ఫలితం అదే.

అందుకే నేను గూళ్ళ దగ్గర పొడవైన ఎరలను అసలు వాడను. మూడు, మూడున్నర అంగుళాల క్రేఫిష్ (రొయ్యను పోలిన మంచినీటి జీవి) ఆకారపు మెత్తని ఎర గాని, అంతే పొడవున్న ట్యూబ్ (బోలు గొట్టం లాంటి మెత్తని ఎర) గాని తీసుకుని, మూడు బై సున్నా సైజు ముల్లును దాని వెనుక భాగం దాకా వచ్చేలా గుచ్చుతాను. అంత చిన్న ఎరను చేప ఎటు నుంచి పట్టుకున్నా ముల్లు నోట్లోకి వెళ్ళక తప్పదు. పావు ఔన్సు లేదా అంతకు కాస్త ఎక్కువ బరువున్న టంగ్‌స్టన్ గుండును ఎర తలకు ఆనించి, లైన్ మీద జారకుండా బిగిస్తాను. గుండు ఒకచోట, ఎర ఒకచోట ఉంటే ఎర గూట్లో నిలవదు. నిలబడి కదలని ఎరే ఇక్కడ పని చేస్తుంది. ఎర రంగు తెలుపు. తెలుపంటే చేపకు ఇష్టమని కాదు, అది నా కంటికి ఆనుతుందని. గూటి మీద తెల్లటి చుక్కలా కనిపిస్తున్న ఎర ఉన్నట్టుండి మాయమైతే చేప దాన్ని పూర్తిగా నోట్లోకి తీసుకుందని అర్థం, అప్పుడే జాడించాలి. చేతికి తగిలే కుదుపు కోసం ఎదురు చూస్తే ఆలస్యమవుతుంది, ఎందుకంటే చేప ఎరను పీల్చుకుని ఉమ్మేయడానికి ఒక్క క్షణం చాలు. లైన్ కదిలినా ఎర ఇంకా కనిపిస్తూనే ఉంటే అది తోక పట్టుకుందని అర్థం. చేతులు కట్టుకుని చూస్తూ ఊరుకోండి.

ఇక దూరం సంగతి. పన్నెండు అడుగులు మరీ దగ్గర. మీరు దాన్ని చూసేసరికే అది మిమ్మల్ని చూసి ఉంటుంది. మొదటిసారి గూటిని దాటి వెళ్ళేటప్పుడు నేను గాలమే వేయను. గూడు ఎక్కడుందో, పక్కన ఏ మొద్దు, ఏ రాయి ఉందో గుర్తు పెట్టుకుంటాను. పడవను చూసి బెదిరిన చేప ఎంత దూరం పోయిందో, ఎంతసేపటికి తిరిగి వచ్చిందో కూడా లెక్క పెట్టుకుంటాను. అర నిమిషంలో వచ్చేస్తే ఆ చేప గూటికి అతుక్కుపోయినట్టే, పడుతుంది. మూడు నాలుగు నిమిషాలైనా రాకపోతే గూడు ఇంకా కట్టుబడి పూర్తి కాలేదనో, గుడ్లు పడలేదనో అనుకుని మర్నాటికి వదిలేస్తాను. పావుగంట తర్వాత మళ్ళీ వచ్చి, ఇరవై అయిదు, ముప్పై అడుగుల అవతలే పడవను గెడతో నిలిపి, ట్రోలింగ్ మోటారు (పడవను మెల్లగా నడిపే చిన్న విద్యుత్ మోటారు) ఆపేసి, కూర్చుని గాలం వేస్తాను. నిలబడితే ఆకాశానికి అడ్డంగా మన ఆకారం చేపకు స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఎండ నిట్టనిలువుగా పడే వేళల్లో, నీటి మీది మెరుపును ఆపే పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకుని, సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలిస్తే నీటి అడుగు అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. మన నీడ గూటి మీద పడకుండా చూసుకోవాలి. అంబర్ రంగు అద్దాలు నాకు బాగా నప్పాయి.

ఎరను గూటి మీద వేయకండి, గూటికి అయిదారడుగులు అవతల వేసి, నెమ్మదిగా అడుగున పాకించుకుంటూ గూట్లోకి తీసుకురండి. ఇక అసలు పని మొదలవుతుంది. గూడు రెండు మూడు అడుగుల వెడల్పు ఉన్నా, చేపకు కోపం తెప్పించే చోటు అందులో పళ్ళెమంత మాత్రమే ఉంటుంది. ఒక్కోసారి అది గూటి మధ్యలో కాకుండా ఒక వేరు మొదట్లోనో, అంచున ఉన్న రాయి పక్కనో ఉంటుంది. ఆ చోటు ఎక్కడో మనకు చెప్పేది చేపే. ఎర గూటి అంచున ఉన్నంతసేపూ అది మామూలుగా తిరుగుతుంది. ఎర ఆ చోటికి వచ్చిన మరుక్షణం వాజాలు విప్పార్చి, తల కిందికి, తోక పైకి పెట్టి, ఎర మీదికి వంగి నిలబడుతుంది. అలా వంగిందంటే ఎరను అక్కడి నుంచి అంగుళం కూడా కదపకూడదు. లైన్ కాస్త వదులుగా ఉంచి, రాడ్ కొనను సన్నగా వణికిస్తే ఎర ఉన్నచోటే వణుకుతుంది. చాలామంది ఇక్కడే తొందరపడి ఎరను లాగేసి మళ్ళీ వేస్తారు. అలా లాగిన ప్రతిసారీ చేప తాను గెలిచాననుకుంటుంది, ఎందుకంటే ముప్పు పారిపోయింది కదా.

అదే ఎరతో పది పదిహేనుసార్లు వేసినా అది వంగి చూడడం తప్ప నోరు తెరవకపోతే ఎర ఆకారం మార్చండి. బ్లూగిల్ అనే చిన్న చేప ఆకారపు ఎరను చూపితే కొన్ని చేపలు వెంటనే మీద పడతాయి, ఎందుకంటే గుడ్లు తినడానికి గూటి చుట్టూ కాచుకుని ఉండేవి ఎక్కువగా బ్లూగిల్ చేపలే. లేదా అదే ఎరను మరో దిక్కు నుంచి గూట్లోకి పాకించి చూడండి. చేప ఎరను చూసి పక్కకు తప్పుకుంటూ ఉంటే, అంటే కోపం కంటే భయం ఎక్కువగా ఉంటే, అరగంటకు మించి అక్కడ ఉండడం వృథా. నేను ఒకే చేప దగ్గర నాలుగు గంటలు కూర్చుని, వీపు కాల్చుకుని, ఒట్టి చేతులతో ఇంటికి వెళ్ళిన రోజు కూడా ఉంది గనుక చెబుతున్నాను.

లైన్ విషయంలో పిసినారితనం పనికిరాదు. మొద్దుల దగ్గర పదిహేను పౌన్ల బరువు ఆపగల ఫ్లోరోకార్బన్ దారానికి తగ్గకండి. సన్నని లైన్‌తో చేపను అయిదు నిమిషాలు ఆడించి అలసట పెట్టేకన్నా, లావు లైన్‌తో అర నిమిషంలో పడవ దగ్గరకు తెచ్చి, ముల్లు తీసి, అక్కడే వదిలేయడం దానికీ మంచిది, మనకూ మంచిది.


జవాబు: చలినీరు

గులకరాయి గారు చెప్పిన పద్ధతిలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అయితే తుంగగట్టు గారు చివర్లో మెల్లగా అడిగిన ప్రశ్నను ఆయన దాదాపుగా దాటేశారు కనుక దాని గురించి కొంత రాస్తాను. నేను మిషిగన్‌లో ఉంటాను, మాకు ఎక్కువగా దొరికేది లార్జ్‌మౌత్‌కు దగ్గరి చుట్టమైన స్మాల్‌మౌత్ బాస్. మీ దగ్గర మార్చిలో జరిగేది మా దగ్గర మే, జూన్ నెలల్లో జరుగుతుంది.

గూడు కట్టేది మగచేపే. తోకతో అడుగున ఉన్న ఒండ్రును ఊడ్చి, కింద ఉన్న గులకరాళ్ళో ఇసుకో తేలేదాకా చిమ్ముతుంది కనుకనే ఆ మచ్చ తెల్లగా కనిపిస్తుంది. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, ఒక్కోసారి వేరే గూటిలో మరికొన్ని పెడుతుంది. ఆ తర్వాతి బాధ్యతంతా మగచేపదే. నీటి వేడిని బట్టి రెండు నుంచి అయిదు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. పొదిగిన పిల్లలు సొన కరిగేదాకా గూట్లోనే ఉండి, ఆ తర్వాత నల్లటి మబ్బులా గుంపుగా పైకి లేస్తాయి. అప్పుడు కూడా తండ్రి చేప ఆ మబ్బు కింద కాపలాగా తిరుగుతూనే ఉంటుంది. మేత లేకుండా ఇంత పని చేసే చేపను మనం రెచ్చగొట్టి, పరుగెత్తించి, గాలికి ఎత్తుతున్నామన్న సంగతి గుర్తుంచుకోవాలి.

అసలు నష్టం గాలపు ముల్లు వల్ల కాదు, చేప గూటి మీద లేని నిమిషాల వల్ల. తండ్రి చేప పక్కకు తప్పుకున్న క్షణం నుంచి గుడ్లకు దిక్కు ఉండదు. మీ దగ్గర బ్లూగిల్ చేపలు ఆ పని చేస్తే, మా పెద్ద సరస్సుల్లో (గ్రేట్ లేక్స్) రౌండ్ గోబీ అనే చిన్న చేప చేస్తుంది. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాల నుంచి ఓడలు మోసుకొచ్చిన నీటితో చేరిన ఈ చేప 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో మొదట బయటపడి, కొద్ది ఏళ్ళలోనే పెద్ద సరస్సులన్నింటికీ పాకింది. చేపను పట్టి, ఫొటోలు తీసుకుని, కొలిచి, తూచి, మిత్రులకు చూపించి వదిలేలోగా గూడు ఖాళీ అయిపోవచ్చు. బాగా అలసిన చేప తిరిగి వచ్చినా మునుపటంత గట్టిగా కాపలా కాయలేదు. దూరంగా తీసుకుపోయి వదిలితే కొన్ని చేపలు గూటిని పూర్తిగా వదిలేస్తాయి. మా వైపు వేసవి చిన్నది కనుక చెడిన గూటి స్థానంలో మరొకటి కట్టుకునే వ్యవధి కూడా తక్కువ.

అందుకే నియమాలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉన్నాయి. మిషిగన్‌లో 2015 నుంచి బాస్‌ను పట్టి అక్కడికక్కడే వదిలే వీలు ఏడాది పొడవునా ఉంది గాని, చేపను ఉంచుకోవడానికి మెమోరియల్ డే (మే చివరి సోమవారం)కు ముందు వచ్చే శనివారం దాకా ఆగాలి. సెయింట్ క్లెయిర్ సరస్సులో అయితే జూన్ మూడో శనివారం దాకా ఆగాలి. న్యూయార్క్‌లో డిసెంబరు 1 నుంచి జూన్ 14 దాకా కృత్రిమమైన ఎరలతో మాత్రమే పట్టి, వెంటనే వదిలేయాలి. సరిహద్దు దాటి కెనడాలోని ఒంటారియోకు వెళ్తే, సీజన్ మూసి ఉన్నప్పుడు పట్టి వదులుతామన్నా బాస్ కోసం గాలం వేయడమే నేరం. పడవలో కూర్చుని ఒకే సరస్సు మీద అటు తిరిగితే ఒక చట్టం, ఇటు తిరిగితే మరొకటి.

మానేయమని నేను అనడం లేదు, నేనూ పూర్తిగా మానలేదు. కానీ పిల్లలు నల్లటి మబ్బులా పైకి లేచిన తర్వాత ఆ తండ్రి చేప జోలికి వెళ్ళను. అప్పుడది దేన్ని చూపినా మీద పడుతుంది, అందులో మన నేర్పేమీ లేదు.


జవాబు: మొద్దుచాటు

చలినీరు గారు ఉత్తరం వైపు నుంచి రాసినదంతా నిజమే గాని, దాన్ని యథాతథంగా టెక్సస్ జలాశయాలకు అన్వయించడం సరికాదు. ఇక్కడ గుడ్లు పెట్టే కాలం ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది, చేపలు విడతలు విడతలుగా ఒడ్డుకు వస్తాయి, చాలా గూళ్ళు మన కళ్ళకు కనిపించని లోతుల్లోనే ఉంటాయి. అందుకే టెక్సస్‌లో బాస్‌కు మూసివేత కాలమంటూ లేదు. రాష్ట్రమంతటికీ వర్తించే సాధారణ నియమం రోజుకు అయిదు చేపలు, పొడవు 14 అంగుళాలకు తగ్గకూడదు. కొన్ని జలాశయాలకు వేరే నియమాలు ఉన్నాయి కనుక, వెళ్ళే ముందు మీ జలాశయం పేరుతో చూసుకోవాలి.

నేను ముఖ్యంగా ఆడచేప గురించి చెప్పదలిచాను. తుంగగట్టు గారూ, మీ మీద దానికి కోపం ఏమీ లేదు. దానికి గూటి మీద మగచేపకున్నంత మమకారం ఉండదు. ఎర పడిన చప్పుడు దాన్ని తరిమింది. అది వెళ్ళిన చోటు కూడా సాధారణంగా దూరం కాదు. గూటి నుంచి లోతు ఉన్నట్టుండి పెరిగే మొదటి అంచు ఎక్కడుందో చూడండి. అయిదారు అడుగుల లోతులో, మొద్దు కొస దగ్గరో నాచు అంచునో నిలబడి ఉంటుంది. ఆ రోజుకు దాన్ని అలాగే వదిలేసి మర్నాడు ఎండ బాగా ఎక్కాక వెళ్తే, గుడ్లు పెట్టడం ఇంకా పూర్తి కాకపోతే మళ్ళీ గూటి మీదే కనిపిస్తుంది. ఆడచేప పక్కకు ఒరిగి, మగచేప దాని పొట్టను ముట్టెతో పొడుస్తూ ఉంటే అవి గుడ్లు పెట్టే పనిలో ఉన్నాయని అర్థం. ఆ కాసేపు బంగారాన్ని ఎర వేసినా అవి చూడవు. రాడ్ పక్కన పెట్టి చూస్తూ కూర్చోవడమే మంచిది, చూడదగ్గ దృశ్యం అది.

కొందరు ముందు మగచేపను పట్టి పడవలోని నీటి తొట్టిలో ఉంచుకుని, అడ్డు తొలగింది కదా అని ఆడచేప మీద పడతారు. పద్ధతిగా అది పని చేస్తుందని నేను ఒప్పుకుంటాను, నాకు మాత్రం నచ్చదు. ఆడచేప రాకపోతే గంటసేపు కాపలా లేని గూడు మిగులుతుంది. దానికి బదులు, మగచేప ఎరను పట్టే ప్రతిసారీ నేను రాడ్ జాడించకుండా వదిలేస్తాను. దాని విసుగు చూసి ఆడచేపకు కూడా అలజడి పుడుతుందని నా అనుభవం. ఇదే సరైన కారణమో కాదో గాని ఫలితం మాత్రం చాలాసార్లు చూశాను.

తెలుపు రంగు విషయంలో గులకరాయి గారితో పూర్తిగా ఏకీభవించలేను. నీళ్ళు మరీ తేటగా ఉండి, అదే గూటి మీద నలుగురు గాలం వేసి వెళ్ళి ఉంటే, తెల్లని ఎర పడగానే చేప తప్పుకోవడం చూశాను. అలాంటి చోట ముదురు గుమ్మడిపచ్చ ఎర వేసి, దాని డెక్కల కొసలకు మాత్రం నిమ్మపండు రంగు అద్దుతాను. నా కంటికి ఆ రెండు చుక్కలు చాలు.

ఇక ఈ రకం వేటలో ఒక మర్యాద ఉంది. ముల్లు నోటి లోపల గుచ్చుకోవాలి. కనిపించే చేప దగ్గర జాడించడానికి చెయ్యి దురద పెడుతుంది కనుక వీపుకో పొట్టకో తగిలే ప్రమాదం ఎక్కువ. చాలా పోటీల్లో అలా పడిన చేపను లెక్కలోకి తీసుకోరు. 2006 మార్చిలో కాలిఫోర్నియాలోని డిక్సన్ సరస్సులో మాక్ వీక్లీ 25 పౌన్ల ఒక ఔన్సు తూగిన బాస్‌ను పట్టారు. అప్పటికి ప్రపంచ రికార్డు 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన 22 పౌన్ల నాలుగు ఔన్సుల చేప. అయితే ముల్లు నోటి బయట గుచ్చుకుంది. ఆయన, ఆయన స్నేహితులు ఆ చేపను వదిలేశారు, రికార్డు కోసం దరఖాస్తు కూడా పెట్టలేదు. మొప్పల దగ్గర నల్లటి మచ్చ (ఇంగ్లీషులో డాట్) ఉన్నందున ఆ చేపకు డాటీ అని పేరు. 2008లో చనిపోయి నీటిపై తేలినప్పుడు కూడా ఆ మచ్చను బట్టే గుర్తుపట్టారు.

మీ జలాశయంలో ఎప్పుడైనా జనవరి 1, మార్చి 31 తేదీల మధ్య 13 పౌన్లు దాటినది పడితే మాత్రం వెంటనే వదిలేయకండి. టెక్సస్ రాష్ట్రం నడిపే షేర్‌లంకర్ కార్యక్రమం కింద దాన్ని అథెన్స్ పట్టణంలోని రాష్ట్ర చేపల కేంద్రానికి గుడ్లు పెట్టించడానికి ఇవ్వవచ్చు. 1986 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది.


జవాబు: తుంగగట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ చదివి నిన్న అదే పాయకు మళ్ళీ వెళ్ళాను. నీరు 66 డిగ్రీలకు చేరింది. గాలి లేదు, ఆకాశంలో మబ్బు లేదు.

మొదటిసారి గాలం వేయకుండా గూటిని దాటి వెళ్ళాను. మగచేప అక్కడే ఉంది, ఆడచేప కనిపించలేదు. పడవ దగ్గరకు రాగానే మగచేప మొద్దు వైపు జారింది. నేను వేళ్ళ మీద లెక్కపెడుతూ ఉంటే ఇరవై రెండు దగ్గర తిరిగి వచ్చేసింది. వెనక్కి తగ్గి, పావుగంట ఆగి, ముప్పై అడుగుల అవతల గెడ దించి కూర్చున్నాను. మూడంగుళాల తెల్లటి ట్యూబ్‌ను మొద్దుకు అవతల వేసి, అడుగున పాకించుకుంటూ తెచ్చాను. గూటి మధ్యలో పెట్టినప్పుడు చేప పట్టించుకోలేదు. మరో చెయ్యంత దూరం లాగి, మొద్దు నుంచి బయటకు వచ్చిన బొటనవేలంత లావు వేరు పక్కన ఆపగానే అది గిర్రున తిరిగి, తల కిందికి పెట్టి, వాజాలు విప్పి నిలబడింది. మీరు చెప్పిన పళ్ళెమంత చోటు అదేనని అప్పుడు తెలిసింది. రాడ్ కొనను వణికించాను. రెండుసార్లు ముట్టెతో పొడిచి వదిలేసింది, తెల్లటి చుక్క అలాగే ఉంది, నేను చెయ్యి కదపలేదు. మూడోసారి చుక్క మాయమైంది. చేతికి ఏమీ తగల్లేదు, అయినా జాడించాను. ముల్లు పైదవడకు లోపలి నుంచి గుచ్చుకుంది.

రెండున్నర పౌన్ల చేప. ముల్లు తీసి, గూటికి పది అడుగుల దూరంలో వదిలేసి, అక్కడే కూర్చుని గూటి వైపు చూశాను. చలినీరు గారు రాసినది నా కళ్ళతో చూశాను. చేపను నీళ్ళలోంచి తీసి ముల్లు విప్పేలోపే అయిదు బ్లూగిల్ చేపలు గూటి అంచుకు చేరాయి, అందులో రెండు తలలు దించి గులకరాళ్ళ మధ్య పొడుచుకుంటున్నాయి. నేను వదిలిన వెంటనే మగచేప మొద్దు కిందికి వెళ్ళి ఉండిపోయింది. నాకు అది గంటలా అనిపించింది గాని గడియారంలో నాలుగు నిమిషాలే. తిరిగి వచ్చి బ్లూగిల్ చేపలను తరిమేసింది. ఆ పాయలో మరో రెండు గూళ్ళు కనిపించినా గాలం వేయబుద్ధి కాలేదు. ఆడచేప కోసం లోతు అంచున అరగంట వెతికాను, దొరకలేదు.

ఒక సందేహం మిగిలింది. ముల్లు విప్పడానికి నాకు దాదాపు నిమిషం పట్టింది. దాన్ని తగ్గించుకునే మార్గం ఉందా?


జవాబు: గులకరాయి

ముల్లుకు ఉండే ఎదురు కొక్కేన్ని బయలుదేరే ముందే పట్టుకారుతో నొక్కి చదును చేసుకోండి. లావు లైన్‌ను వదులు చేయకుండా ఉంచితే అది లేకపోయినా చేప జారిపోదు, విప్పడానికి రెండు క్షణాలు చాలు. చేపను పడవలోకి ఎత్తనవసరం కూడా లేదు, నీటి అంచునే కింది పెదవి పట్టుకుని, పట్టుకారుతో ముల్లును తిప్పితే అదే ఊడి వస్తుంది. ఇక ఆడచేప గురించి. నీరు 66 డిగ్రీలు ఉండి, మగచేప అంత కోపంగా ఉండి, బ్లూగిల్ చేపలు అంత ఆశగా పొడుస్తున్నాయంటే గూట్లో గుడ్లు పడిపోయినట్టే. ఆ ఆడచేప పని ముగించుకుని వెళ్ళిపోయి ఉంటుంది. వచ్చే వారం దాని కోసం ఒడ్డున వెతకకుండా, పాయ ముఖద్వారం దగ్గర ఎనిమిది పది అడుగుల లోతులో, గుండు కట్టని సెంకో లాంటి మెత్తని పుల్ల ఎరను నెమ్మదిగా మునగనిచ్చి చూడండి. గుడ్లు పెట్టిన నీరసంలో అక్కడ ఆగి, కదలకుండా నిలబడి ఉంటుంది.